సన్యాసిరావు పేరు మీద ఒక తాళం

చచ్చిపోయిన మనిషి దేనికోసమూ ఎదురుచూడడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మెయిన్‌ఫ్రేమ్ రిపోర్టులు చదువుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున్న ప్రింటర్లోంచి లాగిన కాగితం మీద, సన్యాసిరావుగారి పేరుకి ఎదురుగా ‘ఎదురుచూస్తున్నవి’ అనే గడిలో ఒకటి అంకె కనబడేసరికి ముందు ప్రింటర్ని తిట్టాను. రిబ్బను మార్చి మళ్ళీ తీశాను. మళ్ళీ ఒకటే. అప్పటికి ఆయన పోయి ఆరు రోజులు.

నా పేరు కనకమహాలక్ష్మి. ఎదురుగా అందరూ కనకంగారూ అంటారు, వెనకాల ఏమంటారో నాకనవసరం. విశాఖపట్నంలో భీమిలి రోడ్డు పక్కన, సముద్రం కనబడే గుట్ట మీద ఉంది మా జ్ఞాపకాల కేంద్రం. అంతకుముందు ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పాలసీల డేటాసెట్లకి కాపలా కాసేదాన్ని. వాళ్ళు కొత్త యంత్రాలు కొనుక్కుని, గదంత ఉండే ఆ పాత కంప్యూటర్ని, మెయిన్‌ఫ్రేమ్‌ని, ఇక్కడికి వదిలించుకున్నప్పుడు, దాన్ని చూసుకునే మనిషి కూడా కావాలని నన్నూ దానితోపాటే తోలేశారు.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళ కోసం పెట్టిన కేంద్రం ఇది. మొగుడికో పెళ్ళానికో జ్ఞాపకాలు జారిపోవడం మొదలైందనుకోండి, ఇద్దరికీ చెవి వెనక పెట్టుకునే చిన్న పట్టీ ఒకటి ఇస్తారు. వాళ్ళు కలిసి గడిపిన రోజులన్నీ రికార్డులై మా యంత్రంలో ఒకే డేటాసెట్‌లో చేరతాయి. జబ్బు మనిషికి ఏదైనా గుర్తు రాకపోతే అక్కణ్ణించి అందుకోవచ్చు. దీని మీద మా డాక్టరు పేర్రాజుగారు గంటన్నర ఉపన్యాసం ఇస్తారు. నాకు ఈ నాలుగు ముక్కలు చాలు.

ఒక్కటే చిక్కు. మనిషి ఒక సంగతిని తలుచుకున్నప్పుడల్లా అది కొంచెం మారుతుంది. మొన్న చెప్పినప్పుడు తుంపర, ఇవాళ చెప్పేటప్పటికి కుంభవృష్టి. ఇద్దరూ ఒకేసారి మార్చేస్తే రికార్డు కంగాళీ అయిపోతుంది కాబట్టి, ఒకరు తలుచుకుంటున్నంతసేపు యంత్రం దానికి తాళం వేస్తుంది. రెండోవాళ్ళు రెప్పపాటు ఆగాలి; రిపోర్టులో ‘ఎదురుచూస్తున్నవి’ అనే గడి ఆ ఆగడాల లెక్కే. తలుచుకోవడం పూర్తయితే మారిన ముక్క రాసుకుని తాళం వదిలేస్తుంది. రోజుకి లక్ష తాళాలు పడతాయి, లక్ష ఊడతాయి, ఎవరికీ తెలియదు. తలుచుకుంటూండగా మనిషి పోతే మాత్రం ఆ తాళం ఉండిపోతుంది. పొద్దున్నే రిపోర్టు చదివి అలాంటివాటిని పట్టుకోవడమే నా ఉద్యోగం.

సన్యాసిరావుగారు పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. జబ్బు ఆయనకి కాదు, భార్య వరాలమ్మగారికి. మంగళవారం పొద్దున్న సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. చివరి స్టాపులో కండక్టరు లేపితే లేవలేదు. బుధవారం రిపోర్టులో ఆయన పేరుకి ఎదురుగా ‘స్థితి: ఫెయిల్డ్’ అని ఉంది. ఎదురుచూస్తున్నవి సున్నా. మిగిలిపోయిన తాళాలు ఒకటి. రికార్డు నంబరు కూడా ఒకటే. మూడు వేల చిల్లర రికార్డుల్లో ఒక్కటేగా, తీరిగ్గా చూసుకుందాంలే అనుకుని టీ తాగడానికి వెళ్ళాను.

మర్నాడు కూతురు వచ్చింది, తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ. పేరు తార. ఇరవై ఏడేళ్ళుంటాయి. చేపల రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది. గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని గ్రీజు.

“మేడమ్, మా అమ్మకి అన్నీ గుర్తున్నాయి,” అంది. “గ్యాసుబండ ఎప్పుడు మార్చామో చెప్తోంది. ఎదురింటివాళ్ళ కుక్క పేరు చెప్తోంది. నాన్న పోయారంటే ఏడుస్తుంది, గంటకి మర్చిపోయి బస్సు లేటయిందంటుంది. అదీ సరే. కానీ నన్ను…”

ఆ మాట పూర్తికాకుండానే తల్లే అందుకుంది.

“ఎవలమ్మా ఈ పిల్ల? పొద్దున్నించీ నా చెయ్యి వదల్దు. మంచి పిల్లే. ఎవలింటి పిల్లో ఏటో.”

నేను వరాలమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, స్క్రీను నావైపు తిప్పుకుని అడిగాను. “అమ్మా, మీకు పిల్లలెంతమంది?”

ఆవిడ చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కళ్ళు నామీదే ఉన్నాయి, ఆ కళ్ళల్లో మాత్రం ఎవరూ లేరు. స్క్రీను మీద వరాలమ్మ పేరు ఎదురుగా ఎదురుచూస్తున్నవి ఒకటి అయింది. నాలుగు సెకన్లు, అయిదు. అంకె సున్నాకి పడింది. ఆవిడ నోరు మూసి, చెంగుతో మొహం తుడుచుకుని, “ఎండ మండిపోతున్నాది,” అంది.

అప్పుడు తెరిచి చూశాను రికార్డు నంబరు ఒకటి ఏమిటో. తార పుట్టిన రోజు. ఆ పిల్లకి సంబంధించిన జ్ఞాపకాలన్నీ దాని వెనకాలే వరసగా కట్టి ఉన్నాయి. అది తెరుచుకోకపోతే ఏదీ తెరుచుకోదు. సన్యాసిరావుగారు బస్సులో కూర్చుని కూతురు పుట్టిన రోజుని తలుచుకుంటూ పోయారు, పోతూపోతూ గడియ పెట్టేసి వెళ్ళారు. తీరిగ్గా చూద్దామని టీకి పోయిన నా మొహాన్ని నేనే తిట్టుకున్నాను.

పేర్రాజుగారి గదికి పరిగెత్తాను. ఆయన కోనసీమ మనిషి, ఇల్లు కాలిపోతున్నా ‘అండి’ వదలరు.

“తాళం బద్దలు కొట్టేస్తే పోలేదా సార్?” అన్నాను.

“రికవరీ అవసరం: అవును, అని ఉందా లేదా అండి మీ కాగితంలో?”

“ఉంది.”

“అంటే ఆయన తలుచుకోవడం సగంలో ఉందండి. సగం రాసిన రికార్డు అది. బలవంతంగా లాగితే తాళంతో పాటు రికార్డు కూడా ఊడి చేతికొస్తుంది. ఇంక ఆ అమ్మాయి ఆవిడకి ఎప్పటికీ పరాయిదే.”

“మరేం చెయ్యాలి?”

“ఆయన మొదలుపెట్టింది ఎవరో ఒకరు పూర్తి చెయ్యాలండి. ఆయన పట్టీ పెట్టుకుని, ఆ రోజులోకి వెళ్ళి, చివరిదాకా తలుచుకోవాలి. అప్పుడు తాళం దానంతటదే వదులుతుంది. కాకపోతే ఆ రోజు అక్కడ లేనివాళ్ళని యంత్రం లోపలికి రానివ్వదండి.”

“అక్కడున్న ఇంటివాళ్ళు ముగ్గురే. ఒకాయన లేడు, ఆవిడకి జబ్బు, మూడో మనిషి పుట్టి నిమిషం కాలేదు.”

“నిమిషమైనా ఉన్నట్టేగా అండి,” అన్నారాయన.

తార ఒప్పుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. పట్టీని ఆమె కొలతలకి సర్దడానికి వారం పడుతుందన్నారు. ఆసుపత్రివాళ్ళు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చిన తండ్రి పట్టీ నాకప్పగించింది. బ్యాటరీ తీసేసి నా డెస్కు సొరుగులో పెట్టాను.

శుక్రవారం వరాలమ్మగారు ఆ రికార్డు కోసం పదకొండు వందల నలభై సార్లు ఆగారు. శనివారం ఎనిమిది వందలు. ఆదివారం నాలుగు వందలు. అంకె తగ్గుతోందంటే యంత్రం మీద బరువు తగ్గుతోందన్నమాట. ఇన్సూరెన్సు ఆఫీసులో అలాగే చదివేవాళ్ళం. రిమార్కుల గడిలో ‘మెరుగు’ అని రాశాను, నా చేత్తో.

సోమవారం నూట తొంభై. దాని పై వరసలో, చచ్చిపోయిన సన్యాసిరావుగారికి ఎదురుగా ఆ ఒకటి.

రెండోసారి తీసిన కాగితం కూడా పట్టుకెళ్ళి పేర్రాజుగారి బల్ల మీద పడేశాను. ఆయన ముందు నూట తొంభై చూశారు. ఫైలు వెనక్కి తిప్పి, ఆదివారం కాగితం మీద నా రిమార్కు చూశారు.

“కనకంగారూ, ఇది మెరుగు కాదండి,” అన్నారు. “ఆవిడ వెతకడం మానేస్తోంది. వెళ్ళిన ప్రతిసారీ తలుపు మూసి ఉంటే మెదడు ఎన్నాళ్ళని వెళ్తుందండి? ఈ అంకె సున్నా అయిన రోజున మనం తాళం తీసినా ఒకటే, తియ్యకపోయినా ఒకటే. లోపలికి వచ్చేవాళ్ళు ఉండరు.”

కన్నతల్లి కూతురికోసం వెతుక్కుని వెతుక్కుని అలిసిపోతూంటే, నేను కూర్చుని మెరుగు అని రాశాను.

“మరి ఈ ఒకటి?” అన్నాను, పై వరస చూపిస్తూ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఫెయిల్డ్ అని ఉన్నవాడు తాళం పట్టుకుని ఉండగలడు. కొత్తగా దేనికోసమూ ఆగలేడు. ఆగాలంటే అడగాలి, అడగాలంటే మనిషి ఉండాలి. వివరాల పేజీ తీశాం. దేనికోసం ఆగాడు? రికార్డు నంబరు ఒకటి. ఎవరి దగ్గరుంది? సన్యాసిరావు దగ్గర. తను పట్టుకున్న తలుపు దగ్గర తనే నిలబడి ఉన్నాడు.

“సాఫ్ట్‌వేర్ పొరపాటండి,” అన్నారు పేర్రాజుగారు. ఆయన గొంతులో నమ్మకం లేదు. నేను నా గదిలోకి వచ్చి, సొరుగు లాగి, పట్టీకి బ్యాటరీ లేదని మరొక్కసారి చూసుకున్నాను. లేదు. ఆ రోజంతా పక్క డెస్కు మీద పనిచేసుకున్నాను. నవ్వితే నవ్వండి.

మంగళవారం మధ్యాహ్నం వరాలమ్మగారి పట్టీ సరిచూడాలని వాళ్ళింటికి వెళ్ళాను. కొబ్బరితోటలో మేడ మీద రెండు గదుల ఇల్లు. తార పప్పు తాలింపు వేస్తోంది. వరాలమ్మగారు వంటింటి గుమ్మంలో ఇబ్బందిగా నిలబడి ఉంది, పరాయి మనిషి చేత చాకిరీ చేయించుకుంటున్నట్టు.

“చాల్లే అమ్మా, నువ్వు చేసింది చాలు. ఇంక మీ ఇంటికెళ్ళిపో,” అంది. “మీ అమ్మ నీకోసం చూస్తూంటాది.”

తార స్టవ్ కట్టేసింది. చేతులు కడుక్కుంది. “సరేనండి,” అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. డాబా మీదికి వెళ్ళే మెట్ల మీద కూర్చుని ఉంది, ఆరేసిన దుప్పట్ల మధ్య.

“రోజుకి మూడుసార్లు పంపించేస్తుంది మేడమ్. ఇక్కడ అరగంట కూర్చుని మళ్ళీ బెల్లు కొడతాను. పక్కవాటాలోకి కొత్తగా వచ్చాం అంటాను. లోపలికి రానిస్తుంది. పాపం, ఎవరొచ్చినా మంచినీళ్ళిస్తుంది.”

“మీ నాన్నగారి కర్మ ఎప్పుడమ్మా?” అని అడిగాను.

“పెద్దకార్యం శనివారం. పెదనాన్న కొడుకు చేస్తున్నాడు. నేనింకా నాన్నకోసం ఏడవనే లేదు మేడమ్. అమ్మ నన్ను ఒక్కసారి తారా అని పిలిస్తే, అప్పుడు ఏడుస్తాను.”

ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, పిలుస్తుందమ్మా, పూచీ నాది అన్నాను. ఎవరడిగారు నా పూచీ?

బుధవారం అరవై రెండు. గురువారం పొద్దున్నకి తొమ్మిది. సన్యాసిరావుగారి ఒకటి అలాగే ఉంది. ఆ రోజు పదకొండింటికి తారని కుర్చీలో కూర్చోబెట్టారు. వరాలమ్మగారిని పక్కగదిలో, సముద్రం వైపు కిటికీ దగ్గర, నర్సుతో ఉంచారు. మధ్యలో అద్దం తలుపు.

“ముందు ఆయన పేరు తీసేసి, అమ్మాయి పేరు ఎక్కించండి. తర్వాత పట్టీ పెడదాం,” అన్నారు పేర్రాజుగారు. “పుస్తకంలో వరస అలాగే ఉందండి.”

నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మా గదిలో ఒక ఆచారం ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, నేను పెట్టిందే. పోయినవాళ్ళ పేరు పెద్దకార్యం అయ్యేదాకా జాబితాలోంచి తియ్యం. మొదట్లో ఒక తెలుగు మాస్టారి పేరు పోయిన పూటే తీసేశాను. మర్నాడు ఆయన అక్కగారు వచ్చి, మా తమ్ముడి పేరు ఒక్కసారి చూపించమ్మా అంది. చూపించడానికేం లేదు. నిన్న పోయినవాణ్ణి ఇవాళే తుడిచేశారా తల్లీ అని ఆవిడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“పెద్దకార్యం ఎల్లుండి సార్,” అన్నాను.

“ఇప్పుడు ఆచారాలకి టైమా అండి?”

“ఆచారం ఒక్కటే కాదు. ఆయన ఎదురుచూస్తున్నాడు సార్. కాగితం మీద కళ్ళ ముందు కనబడుతోంది. ఎదురుచూస్తున్నవాడి పేరు ఎలా కొట్టెయ్యమంటారు? నా వల్ల కాదు.”

ఆయన అద్దంలోంచి వరాలమ్మగారిని చూశారు, గడియారం చూశారు. పేరు ఉంటే మాత్రం ఏం పోయిందిలెండి అన్నారు. పని జరిగేది పట్టీ వల్ల గానీ పేరు వల్ల కాదనుకున్నాం ఇద్దరమూ. ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం నాది, ఇరవై ఏళ్ళ చదువు ఆయనది.

తార చెవి వెనక పట్టీ పెట్టారు. నేను స్క్రీను చూస్తున్నాను. సన్యాసిరావు, స్థితి: ఫెయిల్డ్. సన్యాసిరావు, స్థితి: యాక్టివ్. పట్టీ ఆయనదే కదా, అలాగే చూపిస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

“ఏం కనబడుతోందమ్మా?” అన్నారు పేర్రాజుగారు.

తార కళ్ళు మూసుకునే ఉన్నాయి. “ఆసుపత్రి వరండా. గోడకి పచ్చరంగు. బల్ల ఖాళీగా ఉంది గానీ కూర్చోలేదు. కాళ్ళు పీకేస్తున్నాయి. చాలా రోజుల్నించి ఇక్కడే నిల్చున్నాం.”

“ఎవరెవరు?”

“తలుపు మూసి ఉంది. లోపల పసిపిల్ల ఏడుస్తోంది,” అంది.

“ఎవరి పిల్ల?”

“నేనే.” ఆమె ఇంకా వింటున్నట్టు తల పక్కకి వాల్చింది. “నాన్న ఇక్కడిదాకే వచ్చారు. నర్సు తలుపు తీసి పిలవాలి. అంతలోనే… తలుపు తియ్యట్లేదు డాక్టరుగారూ. ఆయన అలాగే చూస్తున్నారు. కొట్టడానికి భయపడుతున్నారు.”

“నువ్వు తియ్యమ్మా,” అన్నాను నేను, ఉండబట్టలేక. “మీ నాన్నకి నేనొచ్చానని చెప్పి తియ్యి.”

కుర్చీ చేతి మీదున్న ఆమె ఎడంచెయ్యి కదిలింది. వేళ్ళు దేన్నో పట్టుకుని, మెల్లగా, చాలా జాగ్రత్తగా ముందుకి తోశాయి, పెద్ద బరువుని అంగుళం అంగుళం కిందికి దించే మనిషిలాగ. మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది. మూతి ఒక పక్కకి తిరిగే ముసలాయన నవ్వు. ఆ నవ్వు మా రిజిస్టరులో అతికించిన ఫొటోలో చూశాను.

స్క్రీను మీద అంకెలు పడిపోయాయి. ఎదురుచూస్తున్నవి సున్నా. మిగిలిపోయిన తాళాలు సున్నా. రికవరీ అవసరం: లేదు.

నేను చప్పట్లు కొట్టేశాను, చిన్నపిల్లలాగ. పట్టీ తీసేసి తారని లేపి, అద్దం తలుపు తోసుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళాం. వరాలమ్మగారు కిటికీ వైపునించి తిరిగింది. ఆ మొహంలో వెలుగు చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఆ కళ్ళు తారని చూశాయి. గుర్తుపట్టాయి. చేతులు రెండూ చాపింది.

“వచ్చీసారా! ఏ బస్సో ఏటో, ఎప్పుడనగా వెళ్ళారు. నా గుండె గుండెలో లేదు.”

తార ఒక అడుగు ముందుకేసింది.

“అమ్మా, నేను. తారనమ్మా,” అంది తార.

వరాలమ్మగారు పకపకా నవ్వింది. “ఈ వయసులో వేళాకోళాలేటండీ, అందరూ చూస్తుండగా!” దగ్గరికొచ్చి తార చొక్కా కాలరు సర్దింది. తర్వాత ఆవిడ కళ్ళు మా ఇద్దరి వెనకాల, తలుపు దాకా వెతికాయి.

“అమ్మాయేదండీ?”

నేను స్క్రీను దగ్గరికి పరిగెత్తి రికార్డు తీశాను. చివర రాసినవారు: సన్యాసిరావు. తార పేరు ఎక్కడా లేదు. నేను ఎక్కించలేదు కదా. ఆ రోజు తలుపు తీసుకుని లోపలికొచ్చి పిల్లని ఎత్తుకున్నవాడు సన్యాసిరావు అని యంత్రం రాసుకుంది. తీసినప్పటి మొహం తారది. వరాలమ్మగారికి ఇప్పుడు మొగుడంటే ఆ మొహమే. కూతురు పుట్టింది, పెరిగింది, బడికెళ్ళింది, ఇంజన్ల పనిలో చేరింది. అన్నీ ఆవిడకి తిరిగొచ్చాయి. ఆ కూతురు మాత్రం ఎదురుగా ఉన్న మనిషి కాదు.

“వెనక్కి తిప్పండి సార్,” అన్నాను.

“రాయడం పూర్తయిందండి. పూర్తయినదాన్ని వెనక్కి తిప్పలేం.”

“ఇప్పుడు పేరు తీసేస్తే?”

“ఆయన పోయిన తర్వాత ఆ పేరుతో రాసినవన్నీ పోతాయండి. మొగుడూ పోతాడు, ఈ రికార్డూ పోతుంది, దాని వెనకాల కూతురూ పోతుంది. ఆవిడకి ఇద్దరూ ఉండరు.”

పోయినవాడి పేరుకి మర్యాద చేస్తున్నాననుకున్నాను. బతికున్న పిల్ల పేరు తుడిచేశాను. తార ముందు నిలబడి రెండు చేతులూ జోడించాను. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“శనివారం తర్వాత ఆయన పేరు తీసేస్తారా మీరు?” అని మాత్రం అడిగింది.

“నువ్వు ఏమంటే అది.”

“తియ్యకండి. ఆవిడకి నేను గుర్తున్నాను కదా. ఎక్కడో ఒకచోట ఉన్నాను కదా.”

పెద్దకార్యం అయింది. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. తలుపు వరాలమ్మగారే తీసింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. ఇల్లు కళగా ఉంది. తార వాలు కుర్చీలో కూర్చుని ఉంది, ఒక కాలు రెండో కాలి మీద వేసుకుని. నన్ను చూసి తల ఊపింది, లేవలేదు.

వరాలమ్మగారు చిక్కుళ్ళు ఒలుస్తూ కబుర్లు చెబుతోంది, కూతురి గురించే, మొగుడితో.

“అది ఆ ఇంజన్ల మధ్య చేతులు కాల్చుకుంటాదని తిడతాను గానీ, మొన్న పక్కింటావిడతో నానేటన్నానో తెలుసా మీకు? రేవులో ఏ పడవ ఆగిపోయినా మా పిల్ల చెయ్యి పడితే కదలాల్సిందే అన్నాను. మగపిల్లడు లేడన్న లోటు నాకు ఏనాడూ తెలీలేదండీ. మీరు దానికి చెప్పకండి, పొంగిపోతాది.”

“చెప్పనులే,” అంది తార.

నేను తలవంచుకుని కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ళలో తల్లి తన ఎదుట ఒక్కసారైనా అనని మాటలు ఆ పిల్ల వింటోంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. మూతి ఒక పక్కకి తిప్పి నవ్వుకుంటోంది, కూతురి గొప్ప విని మురిసిపోయే తండ్రిలాగ.

వరాలమ్మగారు గోడగడియారం చూసింది. “రెండయిపోనాది. ఆదివారం పూట కూడా పిల్ల ఇంకా తిండికి రాలేదేటండీ? ఒకపాలి చూసిరండి.”

“వస్తాదిలే వరాలూ. నాను చూసొస్తాను,” అంది తార.

లేచి, గుమ్మం దగ్గర ఉన్న మగవాళ్ళ చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. నేను వెనకాలే దిగాను. తల్లి ముందు నటించి నటించి అలిసిపోయి ఉంటుంది, మెట్ల కింద కూలబడి ఏడుస్తుంది, పట్టుకుందాం అనుకున్నాను. ఆమె మెట్ల దగ్గర ఆగలేదు. ఎండలో గేటు దాకా వెళ్ళి, ఊచ పట్టుకుని, రేవు వైపునించి వచ్చే రోడ్డుని చూస్తూ నిలబడింది.

“ఇంక చాలమ్మా,” అన్నాను. “ఆవిడకి ఇక్కడికి కనబడదు.”

“ఇంకా రాలేదేటి,” అంది నావైపు చూడకుండా. “ఎంత పనున్నా ఈపాటికి వచ్చీసేది.”

తారా అని పిలిచాను. ఆమె పలకలేదు. దగ్గరికెళ్ళి ఇంకోసారి, గట్టిగా పిలిచాను. అప్పుడు గబుక్కున తిరిగింది, మొహమంతా సంతోషంతో. నా భుజం మీదుగా రోడ్డుకి ఆ చివరా ఈ చివరా చూసింది.

“ఏదండీ?” అంది. “ఎక్కడ కనబడింది మీకు?”